మంత్రసాని పోసిన నీళ్లు

నలభై మూడేళ్ల వయసులో నేను మళ్లీ విద్యార్థిని అయ్యాను. తాండూరులో చర్చివాళ్లు నడిపే ఒక బడిలో తెలుగు టీచర్ని. ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు ధర్మోపదేశం కూడా చెప్పేదాన్ని. చిన్నప్పుడు మాకు ఎలా చెప్పారో నేనూ అలాగే చెప్పేదాన్ని. ప్రశ్న నేను చదవాలి, జవాబు వాళ్లు అప్పజెప్పాలి. అరవై ప్రశ్నల్లో దేవుడి సంగతంతా అయిపోయేది.

ఒకరోజు మా విచారణను, అంటే మా పారిష్‌ను, చూసే ఫాదర్ నన్ను ఆఫీసు గదికి పిలిచారు.

"దైవశాస్త్రంలో ఎం.ఏ. మొదలవుతోంది టీచర్. శనివారాలు, వేసవి సెలవులు. వికారాబాద్‌లోనే క్లాసులు. సిస్టర్లతో పాటు మీలాంటి గృహస్థులు కూడా చేరొచ్చు" అన్నారు.

"అది ఫాదర్లు చదివే చదువు కదా ఫాదర్?"

"పిల్లలకు చెప్పేది మీరు కదా" అని దరఖాస్తు ఫారం నా చేతిలో పెట్టారు.

ఆ మాట ఇంటికి వచ్చి చెబితే, మా దగ్గరే ఉండే మా అమ్మ నవ్వింది. "గదంత చదివి ఏం జేస్తవ్ బిడ్డా? పూజ చెప్తవా?"

"పూజ చెప్పనియ్యరమ్మా. పాఠం చెప్పనిస్తరు."

"గట్లయితె పో. పొద్దుగాల సద్ది నేను కడ్త" అంది.

అలా రెండేళ్లపాటు శనివారాల్లో పొద్దున్నే తాండూరులో ప్యాసింజర్ ఎక్కాను. వికారాబాద్‌లో సిస్టర్ల మఠం మేడమీద పొడుగాటి గది ఒకటి మా క్లాసు. మేం పదకొండు మందిమి. ఎనిమిది మంది సిస్టర్లు, ఒక బ్రదర్, నేను, మరొక టీచరమ్మ. ఎక్కువ పాఠాలు ఒక పెద్దవయసు ఫాదర్ చెప్పేవారు. సన్నగా ఉండేవారు. గొంతు పెంచేవారు కాదు. ప్రతి సుద్దముక్కనీ రెండుగా విరిచి సగం పెట్టెలో పెట్టేసి మిగతా సగంతోనే రాసేవారు.

మొదటి నెలలోనే ఆయన బోర్డు మీద రెండు గ్రీకు మాటలు పక్కపక్కన రాశారు. రెండింటికీ తేడా ఒక్క అక్షరం. "ఈ ఒక్క అక్షరం దగ్గర బిషప్పులు దేశాలు వదిలి పోయారు. ఊళ్లకు ఊళ్లు రెండుగా చీలిపోయాయి. కుమారుడైన యేసు తండ్రిలాంటి వాడా, లేక తండ్రిదీ ఆయనదీ ఒకే సారమా అన్నదే వాళ్ల పట్టు" అన్నారు. అక్షరం తప్పితే అరమార్కు కోసే తెలుగు టీచర్ని నేను. ఒక అక్షరం వెనక అన్ని ప్రాణాలు నిలబడి ఉంటాయని ఎన్నడూ అనుకోలేదు. ఆ సాయంత్రం రైలు దిగి, పేర్చిపెట్టిన నాపబండల వరసల పక్కనుంచి ఇంటికి నడుస్తుంటే నా అరవై ప్రశ్నలు గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, తలెత్తి చూస్తే పైకప్పు కనబడనంత ఎత్తున్న ఇంట్లోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. ఆ ఇంటి గుమ్మంలోనే నలభై ఏళ్లు కూర్చున్నాను నేను.

రెండో ఏడు వానాకాలంలో సంస్కారాల పాఠం వచ్చింది. ఆ రోజు జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం గురించి.

"ప్రాణం పోయే వేళ జ్ఞానస్నానం ఎవరు ఇవ్వొచ్చు?" అని అడిగారు ఫాదర్.

"ఫాదర్ లేకపోతే ఉపదేశి" అన్నాడు బ్రదర్.

"ఆయన కూడా లేకపోతే?"

"విశ్వాసులు ఎవరైనా" అంది ఒక సిస్టర్.

"విశ్వాసులు కూడా లేకపోతే?"

ఆయన బోర్డు వైపు తిరిగి మూడు మాటలు రాశారు. నీళ్లు. వాక్కు. ఉద్దేశం. "నీళ్లు తలమీద పారాలి. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను అన్న మాటలు పలకాలి. సంఘం ఏ ఉద్దేశంతో ఇస్తుందో ఆ ఉద్దేశంతోనే చేయాలి. ఈ మూడూ ఉంటే ఇచ్చే మనిషి ఎవరైనా కావచ్చు. తాను జ్ఞానస్నానం పొందనివాళ్లయినా సరే."

"హిందువులైనా? ముస్లింలైనా?" అని అడిగింది ఆ సిస్టర్.

"నేను ఎవరైనా అన్నాను సిస్టర్. ఇది ఇవాళ పుట్టిన మాట కాదు. వందల ఏళ్లుగా సంఘం చెబుతున్నదే."

నా పెన్ను అక్కడే ఆగిపోయింది.

మా అమ్మకు నాకంటే ముందు ఒక కొడుకు పుట్టి, పుట్టిన పూటే పోయాడు. ఊరు కోట్‌పల్లి దగ్గర. నవంబరులో మృతుల పండుగనాడు అందరం సమాధుల తోటకు పోయి కొవ్వొత్తులు వెలిగిస్తాం. అమ్మ అత్తమామల సమాధుల దగ్గర వెలిగించాక, కంపచెట్ల కంచె వారకు ఒంటరిగా నడిచి పోయి అక్కడ నేలమీద ఒకటి వెలిగించేది. అక్కడ సమాధీ లేదు, సిలువా లేదు. చిన్నప్పుడు ఒకసారి అడిగితే, "మీ అన్న. మంత్రసాని నీళ్లు పోసింది గని అది లెక్కకు రాదన్నరు" అంది. మళ్లీ అడగనివ్వలేదు. జ్ఞానస్నానం అందని బిడ్డలను అప్పట్లో మిగతా సమాధుల మధ్య పెట్టనిచ్చేవారు కాదు. ఆ మంత్రసాని ముస్లిం అని మా నాయనమ్మ మాటల్లో తర్వాతెప్పుడో విన్నాను.

క్లాసు అయ్యాక ఫాదర్ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ముందు ఒక మాట మీ అమ్మగారికి చెప్పండి. జ్ఞానస్నానం అందినా అందకపోయినా ఆ బిడ్డను దేవుడి దయకే అప్పజెబుతుంది సంఘం. ఆయన దయ సంస్కారాల దగ్గరే ఆగిపోదు. అది చెప్పకుండా ఇంకేమీ అడగొద్దు" అన్నారు.

"తర్వాత?"

"తర్వాత ఏం జరిగిందో చెప్పనివ్వండి. మధ్యలో అందించొద్దు. మీకు కావలసిన జవాబు వచ్చేలా ప్రశ్న వేయొద్దు. విన్నది విన్నట్టు, మాటకు మాట రాసుకు రండి. ఆ మంత్రసాని బతికి ఉంటే ఆమెనూ వినండి."

కాపరి సేవ అనే పేపరులో మాకు ఆయన నేర్పుతున్నది కూడా అదే. రోగుల దగ్గరా, దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గరా కూర్చుని, వాళ్ల మాట విని, ఒక్క ముక్క కలపకుండా రాయడం. నేను రాసుకుపోయిన మొదటి నివేదికలో రోగి మాటలు రెండు వరసలు, నావి ఒక పేజీ. ఆయన పక్కన ఎర్ర సిరాతో, "ఇందులో జబ్బు ఎవరిది?" అని రాశారు.

మరునాడు ఆదివారం మధ్యాహ్నం. అమ్మ ముందరింట్లో కూర్చుని చాటలో కందులు చెరుగుతోంది. పక్కన కూర్చుని, ఫాదర్ ముందు చెప్పమన్నది చెప్పాను.

అమ్మ చాట ఆపలేదు. "అది నాకు ఎప్పటిసందో ఎర్కనే. దేవుడు గంత చెడ్డోడు గాదు" అంది.

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అదే అన్నిటికంటే కష్టమైన పాఠం. చాలాసేపటికి అమ్మ చాట కింద పెట్టింది.

"నా పరేషాన్ పొల్లగాని గురించి గాదు బిడ్డా. గా మంత్రసాని అక్క గురించి."

అప్పుడు చెప్పింది. ముసురు పట్టి మూడు రోజులైందట. వాగు పొంగి, మా నాయన, తాత అవతలి ఊళ్లో చిక్కుకుపోయారు. నాయనమ్మ ఎవరినన్నా తీసుకొస్తానని బయటికి పోయింది. ఇంట్లో అమ్మ, పక్కింటి మంత్రసాని ఇద్దరే. బిడ్డ అడ్డం తిరిగి, నీలంగా బయటపడ్డాడు.

"నాకు లేవ శాత గాలే. పొల్లగాడు ఆమె చేతులల్ల ఉన్నడు. అక్కా, నీళ్లు పొయ్యి, మా మాటలు చెప్పు అన్న. నాకు రావు, నువ్వు చెప్పు, నీ ఎన్క నేనంట అన్నది. పేరు చెప్పిన. నీకు జ్ఞానస్నానమిస్తున్న అన్న, ఆమె అన్నది. పిత అన్న, ఆమె అన్నది. పుత్ర అన్న, ఆమె అన్నది. గంతే. నాకు కండ్లు తిరిగినయ్. మల్ల సోయొచ్చెవరకు పొల్లగాడు లేడు."

"మూడో మాట?"

అడిగేశాను. అడగొద్దన్న మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"తెల్వదు. తెల్లారి సంఘం పెద్దమనిషి వచ్చిండు. ఆమె చెయ్యి మన చెయ్యి గాదు, అది లెక్కకు రాదు, కంచె కాడ పెట్టుండ్రి అన్నడు. ఆమె వాకిట్లనే నిలబడి ఉన్నది. ఇంటున్నది. నేను లోపల పండుకొని ఉన్న. నా కొడుకుకు నీళ్లు పోసిన చెయ్యి అది, దాన్ని అట్లనకు అని నేను ఒక్క మాట అనలే. నోరు రాలే. ఆ ఏడే వాళ్లు ఊరిడిసి పోయిన్రు. మల్ల కలువలే."

నలభై ఏడేళ్లుగా మా అమ్మ మోస్తున్న బరువు ఒకటైతే, నేను ఇంకొకటి అనుకుంటూ పెరిగాను. ఆ మధ్యాహ్నం నేను ఆమె మాటలు రాసుకోవడానికి నోట్‌బుక్ తీయలేకపోయాను. రెండు రోజుల తర్వాత కూర్చుని రాశాను. ఒక్క మాట కూడా మరచిపోలేదు.

మంత్రసాని బతికే ఉందని కనుక్కోవడానికి నెల పట్టింది. కోట్‌పల్లి సంతలో గాజులమ్మే ఒకామె చెప్పింది, మర్పల్లిలో మనవరాలి ఇంట్లో ఉంటుందని. దసరా సెలవుల్లో అమ్మా నేనూ బయలుదేరాం. ధారూర్ దాటేదాకా అమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. వికారాబాద్‌లో రైలు దిగి బస్సెక్కాక అడిగింది, "ఆమెకు నేను యాదికుంటనంటవా?"

ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. మనవరాలు లోపలికి రమ్మంది. ముసలామె మంచం మీద కూర్చుని ఉంది. రెండు కళ్లలోనూ తెల్లటి పొర. ఎనభై దాటి ఉంటాయి. చేతులు మాత్రం పెద్దవి, ఒడిలో ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ఉన్నాయి.

"అక్కా" అంది అమ్మ గుమ్మంలోంచే.

ముసలామె ముఖం ఇటు తిప్పింది. "కోట్‌పల్లి దిక్కుదా గొంతు?" అని, మా నాయనమ్మ పేరు పెట్టి, "ఆమె కోడలువా?" అంది.

అమ్మ పోయి మంచం పక్కన నేలమీద కూర్చుంది. ఎంత చెప్పినా పైన కూర్చోలేదు. ఒకరి క్షేమం ఒకరు అడిగి తెలుసుకున్నారు. ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు. నేను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, ఏదీ అందించకుండా ఉండడానికి రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉన్నాను. మాటల్లో మాటగా అమ్మే అంది:

"ఆ దినం నాకు సోయి పోయింది అక్కా. తర్వాత ఏమైందో నువ్వే చెప్పాలె."

"నువ్వు రెండు మాటలు చెప్పినవ్, కండ్లు మూసినవ్" అంది ముసలామె. "నాకు రెండు పరేషాన్లు. ఇటు నువ్వు, అటు వాడు. వాని కడుపు ఎగిరెగిరి పడుతుండె. ఊపిరి ఉన్నది. నిన్ను పిలిచిన, పలకలే. ఇగ చెంబు ఎత్తిన, మూడోసారి పోసిన. పవిత్రాత్మ అన్న. ఆమెన్ గూడ అన్న."

"మూడోది నీకెట్ల తెల్సు అక్కా? నేను చెప్పలే గద."

ముసలామె నవ్వింది. "నడుమ ఒక్క గోడ. దినాం పొద్దుగూకంగ మీ అత్త జపం చేసేది. నేను గా గోడకానుకొనే రొట్టెలు చేస్తుంటి. ఎన్నేండ్లు ఇన్న? పిత, పుత్ర, పవిత్రాత్మ. నాకు రాదని నీతోని ఎందుకన్ననంటే, మీ మాటలు మీ నోట్లకెల్లి రావాలె అని. నువ్వు పడిపోయినంక ఇగ నేను ఆగుతనా?"

ఆమే మళ్లీ అంది:

"నేనేమనుకున్నంటే, గీ పోరడు మీ పోరడు. మీ దేవుని కాడికి మీ తీరుగనే పోవాలె. తల్లి ఏదడిగిందో అదే చెయ్యాలె, నా తీరు కలపొద్దు. గదే మనసుల పెట్టుకొని పోసిన. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన. తల్లి అడిగితె పోసినవ్ గద, ఫికర్ చెయ్యకు అన్నడు."

నీళ్లు. వాక్కు. ఉద్దేశం. మేడమీద గదిలో బోర్డు మీద మూడు మాటలుగా చూసినవి, మర్పల్లి సందులో చదువురాని ఒక ముస్లిం ముసలమ్మ నోట ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సంఘం చేసేది చేయాలన్న ఉద్దేశం అంటే ఏమిటని పరీక్షలో నన్నడిగితే ఒకటిన్నర పేజీ రాశాను. ఆమె చెప్పినంత శుద్ధంగా రాయలేదు. ఎన్నో వందల ఏళ్ల కిందట ఎవరో పండితులు ఈ నియమం రాస్తున్నప్పుడు ఎవరి కోసమని అనుకున్నారో తెలియదు. వాళ్లు ఈమె కోసమే తలుపు తీసి ఉంచారని ఆ క్షణాన నాకు అనిపించింది.

"పేరు గూడ పెట్టినవ్ నువ్వు" అంది ముసలామె, ఆ పేరు చెప్పింది.

అప్పటిదాకా అమ్మ ఆ పేరును ఎవరి ముందూ పలకలేదు, నా ముందు కూడా. దాన్ని ఇక్కడ రాయను. అది మా అమ్మది. ఆ పేరు వినగానే అమ్మ ముసలామె మోకాళ్ల మీద తల పెట్టుకుంది.

"వాకిట్ల నిన్ను గా మాట అన్ననాడు నేను నోరు తెర్వలే అక్కా."

"పచ్చి బాలింతవు. నువ్వేమంటవ్?" అంటూ ఆ పెద్ద చేతుల్లో ఒకటి అమ్మ తలమీద పెట్టి నిమిరింది. "నాకు కోపమొచ్చింది. అబద్ధమెందుకు? మస్తు కోపమొచ్చింది. గని నీ మీద గాదు."

ఇద్దరి దగ్గరా విన్నది నివేదికగా రాయడానికి నేను మూడు సార్లు కూర్చున్నాను. ఎనిమిది పేజీలు అయింది. మాకు పాఠం చెప్పే పెద్ద ఫాదర్ క్లాసు మొదలవకముందే వచ్చి, కిటికీ దగ్గర నిలబడి చదివారు. చదవడం అయ్యాక మళ్లీ మొదటి పేజీకి పోయారు. ఎర్ర సిరా పెన్ను జేబులోంచి తీయలేదు.

"బిడ్డకు ఊపిరి ఉంది. నీళ్లు పోశారు. మాటలు పూర్తయ్యాయి. ఉద్దేశం ఆమె చెప్పినదానికంటే బాగా నేను చెప్పలేను. ఇలాంటివాటికి నమ్మదగిన సాక్షి ఒక్కరు చాలు. మీ అన్నయ్యకు జ్ఞానస్నానం అందింది టీచర్. ఆ రోజే అందింది. మనకే ఇంతకాలం తెలియలేదు" అన్నారు.

తర్వాతి పనులు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆ ఊరు వికారాబాద్ విచారణ కిందికి వస్తుంది. అక్కడి ఫాదర్ నా కాగితాలు బిషప్ గారికి పంపి, అనుమతి వచ్చాక మర్పల్లి పోయి ముసలామెను స్వయంగా విని వచ్చారు. ఆ నవంబరు ఆఖరులో కంచె వారకు వచ్చి, చిన్న సిలువ నాటి, ప్రార్థన చెప్పారు. ఊళ్లోవాళ్లు కొందరు వచ్చి నిలబడ్డారు. సంఘం పెద్దమనిషి పోయి ఏళ్లయింది. ఆయన మనవడు వచ్చి సిలువకు గుంట తవ్వాడు.

ఆ వారమే వికారాబాద్‌లో జ్ఞానస్నానాల పుస్తకంలో పేరు ఎక్కించారు. అమ్మనూ నన్నూ పిలిచారు. పెద్ద అట్టల పుస్తకం. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు. చివరి గడి, జ్ఞానస్నానం ఇచ్చినవారు. నేను పేజీలు వెనక్కి తిప్పి చూశాను. ఆ గడిలో పై నుంచి కింది దాకా ఫాదర్ల పేర్లే. ఫాదర్ పెన్ను తీసి, అదే గడిలో మంత్రసాని పూర్తి పేరు, ఆమె భర్త పేరుతో సహా, తెలుగులో నిదానంగా రాశారు. సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు. అమ్మకు చదువు రాదు. ఏ వరస అని అడిగి, దాన్నే చూస్తూ నిలబడింది.

నా చదువు ఆ తర్వాతి వేసవిలో అయిపోయింది. ఇప్పుడు రెండో శనివారాల్లో అదే మేడమీద గదిలో, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ధర్మోపదేశం టీచర్లకు నేను పాఠం చెబుతున్నాను. జ్ఞానస్నానం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద ముందు ఆ మూడు మాటలే రాస్తాను.

ఆ నవంబరులోనే, పుస్తకంలో ఎక్కించిన దానికి నకలు ఒకటి ఇచ్చారు మాకు. దాన్ని మర్పల్లి తీసుకుపోవాలంది అమ్మ. పోయాం. ముసలామె కాగితాన్ని చేతిలోకి తీసుకుని తడిమింది. నేను చదివి వినిపించాను. ఆమె పేరు దగ్గరికి రాగానే చెయ్యెత్తి ఆపింది.

"దీంట్ల నా పేరెందుకు?"

"ఇచ్చింది నువ్వే గద అక్కా" అంది అమ్మ.

"మీ గుళ్లె పుస్తకంలనా?"

"మా గుళ్లె పుస్తకంలనే."

ఆమె ఆ వరస ఎక్కడుందో చూపించమంది. ఆమె వేలు పట్టుకుని దానిమీద పెట్టాను. వేలు అక్కడే ఉంచి, "ఎంతమందిని పట్టిన గీ చేతులతోని. కోమటోళ్ల ఇండ్లల్ల, మా ఇండ్లల్ల, మీ ఇండ్లల్ల. ఎవ్వరు రాసుకోలే" అంది, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత గొంతు పెంచి లోపలి గదిలోకి మనవరాలిని పిలిచింది.

"జర చాయ్ పెట్టు బేటీ. మనోళ్లొచ్చిన్రు."